ఏ చిలుకను పెంచుదాము?

మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులు ఒకే బల్లమీద కూర్చొని చదువుకుంటున్నారు. ఆ రెండు భాషలలోనూ చిలుకకు ఉన్న స్థానం మరే పక్షికీ లేదు. అర్థం తెలియకుండా వల్లించే చదువును తెలుగువారు చిలుక పలుకులు అంటారు; అన్యోన్యమైన జంటను చిలకా గోరింకలు అంటారు; పెరటి చెట్టున తీయని పండు ఏదంటే చిలుక కొట్టిన జామపండును చూపుతారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పంజరంలోని పక్షి పేరు మియా మిట్టూ. తన్ను తానే పొగడుకొనే మనిషికి కూడా ఆ పేరే. చేసిన మేలు మరచి ముఖం త్రిప్పుకొనేవాడు తోతా చష్మ్, అనగా చిలుక కన్నులవాడు. చిలుక చెప్పిన సంస్కృత కథలు పాలవేకరి కదిరీపతి చేతిలో తెలుగు శుకసప్తతి అయినవి. ఆ కథల సంప్రదాయమే పారసీకంలో జియాఉద్దీన్ నక్షబీ తూతీనామాగా రూపొంది, 1639లో గోలకొండ కవి గవ్వాసీ కలం నుండి దక్కనీ కావ్యంగా వెలువడినది. ఒకే చిలుక మన ఇరువురికీ కథ చెప్పినదనుటలో అతిశయోక్తి లేదు.

ఇంతటి ప్రీతి గల పక్షిని ఇంట పెంచుకోవాలన్న కోరిక సహజమే. చైతన్యపురిలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, కొత్తపేటలో, ఎల్.బి.నగర్‌లో పెరళ్లు తరిగిపోయి అపార్టుమెంట్లు లేచినవి. పాడి పశువుకు చోటు లేదు. కుక్కను పెంచుదామంటే ఇంటి యజమాని ఒప్పుకోడు. బాల్కనీలో ఒక పంజరానికి మాత్రం ఎట్లాగో చోటు దొరుకుతున్నది. విద్యార్థి మిత్రులలో పలువురు చిన్న చిలుకలను పెంచుతున్నారు. పెంచదలచినవారు అంతకంటె ఎక్కువ. మన కళాశాల ఆవరణలో కూడా ఒక పక్షుల పంజరం ఉంటే బాగుండునన్న మాట విద్యార్థులలో వినబడుతున్నది. ఈ సందర్భంలో మా అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గం ముందు ఉంచుట మా విధి అని భావిస్తున్నాము.

పక్షిని కొనబోయేవారు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు. ఏది అందంగా ఉంటుంది? ఏది మాట్లాడుతుంది? ఏది చవక? ఈ మూడూ మన సుఖాన్ని గురించిన ప్రశ్నలు. పక్షి సుఖాన్ని గురించిన ప్రశ్నలు మరి మూడు ఉన్నవి. దానికి మనము ఎంత చోటు ఇవ్వగలము? రోజుకు ఎంత సమయం ఇవ్వగలము? ఎన్ని సంవత్సరాలు ఇవ్వగలము? ఈ రెండవ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకొనిన పిదపనే మొదటి మూడింటికి రావలెనని, అప్పుడు ఏ చిలుకను ఎన్నుకోవలెనో దానంతట అదే తేలునని మేము నమ్ముతున్నాము.

ముందుగా రామచిలుక మాట. చిలుక అనగానే మన కన్నులకు కట్టేది అదే. ఆకుపచ్చని మేను, ఎర్రని ముక్కు, పొడవైన తోక, మగపక్షి మెడచుట్టూ నలుపు గులాబీ రంగుల వలయం. కాని మన ఎన్నిక పట్టికలో దానికి చోటు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టుట, అమ్ముట, కొనుట, ఇంట బంధించుట నేరము. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. అందులో రామచిలుక రెండవ షెడ్యూలులో ఉన్నది. జైలు శిక్షకూ జరిమానాకూ అవకాశం ఉన్న నేరమని ఎరుగక, తాతల నాటి నుండి ఉన్న అలవాటు గదా అని దానిని కొనేవారు నేటికీ ఉన్నారు. చిలుక జోస్యం చెప్పేవాని పెట్టెలోని పక్షి కూడా ఈ చట్టానికి లోబడినదే.

చట్టం ఒక్కటే కారణమైతే మేము ఇంతగా చెప్పము. బడ్జరిగార్ వంటి విదేశీ పక్షులు ఎన్నో తరాలుగా పంజరంలోనే పుట్టి పెరుగుతున్నవి. సంతలో రహస్యంగా అమ్మే రామచిలుక అట్టిది కాదు. అది చెట్టు తొర్రలోని గూటి నుండి రెక్కలు రాని పిల్లగా తీసినది. తల్లి తెచ్చే మేతకు అలవాటుపడిన ఆ పిల్లలను బుట్టలలో కుక్కి ఊళ్లు దాటించేటప్పుడు ఎన్నో దారిలోనే చచ్చిపోతవి. బ్రతికి మన ఇంటికి చేరిన ఒక్క పిల్ల వెనుక చేరని పిల్లలు ఉన్నవన్నమాట. కంచర్ల గోపన్న, అనగా మన భద్రాచల రామదాసు, తానీషా ఏలుబడిలో గోలకొండ చెరలో పన్నెండేళ్లు మగ్గుటకు పూర్వజన్మలో ఒక చిలుకను పంజరంలో బంధించుటయే కారణమని మన పెద్దలు చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. కథను నమ్మినా నమ్మకపోయినా, చెరకు చెరయే శిక్ష అన్న న్యాయం చట్టం పుట్టుటకు ఎంతో ముందే మన జనం మనస్సులో ఉన్నదని దాని వలన తెలుస్తున్నది. తలుపు తెరచినంతనే ఎగిరిపోయే చిలుకను తోతా చష్మ్ అని నిందించుట కూడా న్యాయం కాదు. అడగని ఆతిథ్యానికి అది ఎందుకు కృతజ్ఞత చూపవలెను?

కావున చట్టసమ్మతంగా పెంచుకొనదగినవి విదేశీ జాతులకు చెంది, పంజరంలోనే పుట్టిన చిన్న చిలుకలు. మన నగరంలో విరివిగా దొరికేవి మూడు: బడ్జరిగార్, లవ్ బర్డ్, కాకటీల్. ఇక్కడ పేర్ల విషయమై ఒక పొరపాటును సవరించవలసి ఉన్నది. చార్మినార్ సమీపాన ముర్గీ చౌక్‌లో గాని, మన పేటలలోని పక్షుల దుకాణాలలో గాని లవ్ బర్డ్స్ అని అడిగితే చాలమంది చూపేది బడ్జరిగార్ జతనే. కొందరు దానినే ఆస్ట్రేలియా తోతా అంటారు. అసలు లవ్ బర్డ్ వేరే ఖండపు పక్షి, వేరే స్వభావపు పక్షి. పేరు ఒకటని రెండింటిని ఒకే పంజరంలో ఉంచి, ఉదయం లేచి చూచేసరికి కాలు తెగిన బడ్జరిగార్‌ను చూచి దుఃఖించే పరిస్థితి ఏ ఇంటా రాకూడదు. పేరు తెలిసి కొనుట మొదటి జాగ్రత్త.

బడ్జరిగార్ ఆస్ట్రేలియా మధ్యభాగపు ఎండు మైదానాల పక్షి. అక్కడ నీటిని, గడ్డి గింజలను వెదుకుతూ పెద్ద పెద్ద గుంపులుగా తిరుగుతుంది. 1840లో జాన్ గౌల్డ్ అనే ఆంగ్ల పక్షిశాస్త్రజ్ఞుడు దానిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చినాడు. అక్కడి నుండి లోకమంతటా పాకినది. సహజమైన రంగు ఆకుపచ్చ, పసుపు. నీలము, తెలుపు మొదలైన రంగులన్నీ మనిషి పెంపకంలో వచ్చినవి. పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, బరువు 30 నుండి 40 గ్రాములు. ముక్కుపైన రంధ్రాల చుట్టూ ఉండే మెత్తని చర్మం పెద్దయిన మగపక్షికి సాధారణంగా నీలంగా, ఆడపక్షికి గోధుమ వన్నెగా ఉంటుంది గనుక జతను గుర్తించుట కష్టం కాదు. ఆయువు సామాన్యంగా 5 నుండి 10 సంవత్సరాలు. గొంతు మృదువైనది, రోజంతా కిచకిచలాడినా ప్రక్క వాటావారు తలుపు తట్టరు.

ఇంత చిన్న పక్షి మాటలు నేర్వగలదా అని కొందరు సందేహిస్తారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో పక్ అనే బడ్జరిగార్ 1,728 మాటలు పలికినదని 1995 నాటి గిన్నిస్ గ్రంథంలో నమోదయినది. కాని ఆ ఒక్క పక్షిని చూచి ఆశపడరాదు. మగపక్షులు కొన్ని ఎంతో ఓపికతో నేర్పగా కొన్ని మాటలు నేరుస్తవి, చాలవరకు నేర్వవు. పైగా ఒంటరిగా ఉన్న పక్షియే మనిషి మాటను ఎక్కువగా పట్టుకుంటుంది; తోడు ఉన్న పక్షి తన భాషలోనే మాట్లాడుకుంటుంది. అనగా మాట కావలెనంటే ఒంటరితనాన్ని వెలగా చెల్లించవలెను. ఆ వెలను చెల్లించేది మనము కాదు, గుంపులో బ్రతుకుటకు పుట్టిన ఆ పక్షి. ఉదయం తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఆరుకు తిరిగివచ్చే ఇంట ఒక్క పక్షిని ఉంచి మాటలు నేర్పబూనుట మాకు సమ్మతం కాదు. చిలుక పలుకుల చదువును మనము తరగతి గదిలోనే నిరసిస్తున్నాము; పంజరంలో దానిని కోరుట ఎందులకు?

రెండవది లవ్ బర్డ్. ఇది ఆఫ్రికా పక్షి. మొత్తం తొమ్మిది జాతులలో ఒకటి మడగాస్కర్ దీవికి, తక్కినవి ఆఫ్రికా ఖండానికి చెందినవి. మన దుకాణాలలో ఎక్కువగా కనబడేవి రెండు: నమీబియా, అంగోలా ప్రాంతపు గులాబీ ముఖపు లవ్ బర్డ్, టాంజానియాకు చెంది, కంటిచుట్టూ తెల్లని వలయం, ఎర్రని ముక్కు గల ఫిషర్ లవ్ బర్డ్. తోక పొట్టి, మేను బొద్దు, బరువు సుమారు 50 గ్రాములు. ఆయువు 10 నుండి 15 సంవత్సరాలు, మంచి పోషణలో అంతకు మించి. జంటపక్షులు ఒకదాని ప్రక్కన ఒకటి ఒరిగి కూర్చొనుట చూడముచ్చటగా ఉంటుంది. గులాబీ ముఖపు ఆడపక్షి కాగితాన్ని సన్నని పేలికలుగా కత్తిరించి, వాటిని నడుము ఈకలలో దోపుకొని గూటికి మోసుకొనిపోవుట ప్రకృతి చూపే వింతలలో ఒకటి.

కాని ఆ పేరులోని ప్రేమ తన జతకే పరిమితం. ఇతర జాతుల పక్షులను, ఒక్కొక్కప్పుడు తన జాతి పక్షులనే క్రూరంగా కొరుకుతుంది. ముక్కు బలమైనది, పసిపిల్లల వ్రేలు పట్టుకొంటే రక్తం వస్తుంది. గొంతు బడ్జరిగార్ గొంతుకంటె చురుకైనది, చెవులకు గుచ్చుకొనేది. ఆడ మగ పక్షులు చూపునకు ఒకే విధంగా ఉండుటచేత జత అని అమ్మినవి రెండు ఆడపక్షులై పోట్లాడుకొనే సందర్భాలు కలవు. అనుభవం ఉన్నవారికి ఇది ఎంతో ఆనందం ఇచ్చే పక్షి అనుటలో సందేహం లేదు. మొదటిసారి పెంచేవారికి, చిన్నపిల్లలు ఉన్న ఇంటికి ఇది తగినది కాదని మా అభిప్రాయం.

మూడవది కాకటీల్. ఇదీ ఆస్ట్రేలియా పక్షియే. కాకతువ్వ కుటుంబంలో అతి చిన్నది. తలపై లేచి నిలిచే కుచ్చు, చెంపపై నారింజ రంగు మచ్చ దాని గుర్తులు. తోకతో కలిపి 30 సెంటీమీటర్లు దాటుతుంది. బరువు 80 నుండి 100 గ్రాములు. కుచ్చు స్థితిని చూచి దాని మనస్సు తెలుసుకోవచ్చు: బెదిరినపుడు నిటారుగా లేస్తుంది, నెమ్మదిగా ఉన్నపుడు వెనుకకు వాలుతుంది. మగపక్షి ఈల పాట నేరుస్తుంది, మాటలు తక్కువ. గ్రుడ్లు పొదుగుటలో మగపక్షి పగలు, ఆడపక్షి రాత్రి వంతులు వేసుకొనుట దీని ప్రత్యేకత. మూడింటిలోను మనిషికి ఎక్కువగా చేరువయ్యేది, భుజంమీద కూర్చొని తల నిమిరించుకొనేది ఇదే.

ఆ చేరువతనమే దాని బరువు. చేరదీసిన కాకటీల్ రోజూ మన సాన్నిధ్యాన్ని కోరుతుంది. దొరకనపుడు అరుస్తుంది, కొన్ని తన ఈకలు తామే పీకుకుంటవి. దాని ఈకల నుండి తెల్లని పొడి రాలుతుంది గనుక ఉబ్బసం ఉన్నవారి ఇంట పెంచరాదు. రాత్రి చీకటిలో చిన్న చప్పుడుకు బెదిరి పంజరంలో కొట్టుకొని గాయపడే స్వభావం కూడా ఉన్నది. మసక దీపం ఒకటి ఉంచుట మేలు. అన్నింటికంటె ముఖ్యం, అది 15 నుండి 20 సంవత్సరాలు బ్రతుకుతుంది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో కొన్న కాకటీల్, ఆ విద్యార్థి చదువు ముగించి, ఉద్యోగం సంపాదించి, పెండ్లి చేసుకొని, తన బిడ్డను బడికి పంపేనాటికి కూడా పంజరంలో ఉండవచ్చును. అప్పుడు దానిని ఎవరు చూస్తారు? సాధారణంగా తల్లి. ఆమెను అడిగి కొన్నవారు ఎందరు?

ఈ మూడు కాక కన్యూర్, మాంక్ పారకీట్ వంటి రంగురంగుల పక్షులు కూడా నేడు దుకాణాలలో దర్శనమిస్తున్నవి. వాటి విషయంలో ఒక నియమం తెలిసి ఉండవలెను. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేయుటకు 1973లో సైటీస్ అనే ఒప్పందం కుదిరినది. భారతదేశం 1976లో అందులో చేరినది. చిలుక జాతులు దాదాపు అన్నీ ఆ ఒప్పందపు పట్టికలలో ఉన్నవి. బడ్జరిగార్, కాకటీల్, గులాబీ ముఖపు లవ్ బర్డ్ మాత్రం వాటిలో లేవు. మన దేశంలో 2024లో వచ్చిన నియమాల ప్రకారం పట్టికలలోని విదేశీ ప్రాణులను ఉంచుకొన్నవారు పరివేశ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించుకోవలెను. కావున ఫిషర్ లవ్ బర్డ్‌ను గాని కన్యూర్‌ను గాని కొనేవారు ఈ బాధ్యతను తెలిసి కొనవలెను. రామచిలుక కూడా ఆ అంతర్జాతీయ పట్టికలలో లేదు గనుక పెంచవచ్చునని వాదించే అమ్మకందారులు ఉండవచ్చు. వారి మాట నమ్మరాదు. అది మన దేశపు పక్షి, మన దేశపు చట్టమే దానికి రక్ష.

మరి మా నిర్ణయం ఏమిటి? పగలంతా ఎవరో ఒకరు ఇంట ఉండి, మొదటిసారి పక్షిని పెంచదలచిన సామాన్య కుటుంబానికి ఒక జత బడ్జరిగార్లు తగినవి. చోటు తక్కువ, మేత ఖర్చు తక్కువ, ఒకదానికి ఒకటి తోడు. ఇంట తీరిక గల పెద్దవారు ఉండి, పదిహేనేళ్ల బాధ్యతకు వెనుదీయనివారు కాకటీల్‌ను ఆలోచించవచ్చు. లవ్ బర్డ్‌ను అనుభవం వచ్చిన పిదప చూచుకొనుట మంచిది. ఇక దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఒక గదిలో నలుగురు ఉండి, పరీక్షలు కాగానే ఊరికి బస్సు ఎక్కే విద్యార్థి సోదరులకు మా సలహా ఒక్కటే: ఏ చిలుకనూ కొనవద్దు. కొన్ని వందల రూపాయలకు జత వస్తున్నదన్నది కొనుటకు కారణం కాదు. చవకగా వచ్చినదానిని చవకగా చూచుట మనిషి బలహీనత. ఆ బలహీనతకు బలి అయ్యేది నోరులేని ప్రాణి.

కొనుటకు నిశ్చయించినవారికి కొన్ని మాటలు. పంజరం ఎత్తుకంటె పొడవు ముఖ్యం. పక్షి ఎగిరేది అడ్డంగా గాని నిలువుగా కాదు. కడ్డీల మధ్య ఎడం అర అంగుళానికి మించరాదు. మించితే బడ్జరిగార్ తల ఇరుక్కుంటుంది. కూర్చొనుటకు ఒకే నునుపైన కర్ర గాక, వేప, జామ కొమ్మలు వేరువేరు లావులవి పెడితే కాళ్లకు మంచిది. మేతగా మన కొర్రలు, సజ్జలు, సామలు శ్రేష్ఠము. విదేశాలలో ప్రియంగా కొనే గింజల కంకి మన కొర్ర కంకియే. కాని ఒట్టి గింజలే పెట్టుట వలన ఎ విటమిను లోపం వస్తుంది, కొవ్వు పెరుగుతుంది. కడిగిన కొత్తిమీర, మెంతికూర, మునగాకు, క్యారెట్టు తురుము రోజూ కొంచెం ఉండవలెను. సున్నపు సత్తువకు సముద్రపు నురుగు ముక్క ఒకటి కట్టవలెను. చాక్లెట్టు, అవకాడో, ఉప్పు కారాల చిరుతిండ్లు, టీ, కాఫీలు విషంతో సమానం.

మన ఇండ్లలో ఈ పక్షులకు నాలుగు గండాలు ఉన్నవి. మొదటిది పైకప్పు ఫ్యాను. పక్షిని గదిలో వదిలే ముందు స్విచ్చి ఆపి, కిటికీలు మూయవలెను. రెండవది వంటగదిలోని నాన్‌స్టిక్ పెనము. అది మితిమీరి వేడెక్కినపుడు వెలువడే వాయువు మనకు తెలియకుండానే పక్షి ప్రాణం తీస్తుంది. మూడవది మే నెల. పక్షికి చెమట పట్టదు. నోరు తెరచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుచున్నదంటే అది వడదెబ్బ సూచన. పడమటి ఎండ పడే బాల్కనీ మన నగరంలో పంజరానికి పనికిరాదు. నాలుగవది పిల్లి. వీటన్నింటికి తోడు పక్షి తన రోగాన్ని దాచుకుంటుంది. బలహీనత చూపినదానిని వేటాడే జీవులు పట్టుకొంటవి గనుక అది దాని స్వభావం. ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూర్చొన్న పక్షి అప్పటికే చాల జబ్బుతో ఉన్నదని గ్రహించి, అదే రోజు పశువైద్యునికి చూపవలెను. పక్షి నుండి మనిషికి సోకే సిట్టకోసిస్ అనే జ్వరం 1929-30 సంవత్సరాలలో అనేక దేశాలను కలవరపరచినది. కావున రెట్టను పొడిగా ఊడ్వక తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుగుకొనుట అవసరం.

ఇదంతా విని, పంజరమే తప్పు గదా, ఏ పక్షినీ పెంచకుండుటయే ధర్మం గదా అనే మిత్రులు ఉన్నారు. ఆ వాదంలో బలమున్నదని మేము ఒప్పుకుంటాము. కాని పంజరంలో పుట్టిన బడ్జరిగార్‌ను మన ఆకాశంలో వదిలితే అది స్వేచ్ఛ కాదు. మేత వెదుక నేర్వని ఆ రంగు పక్షిని కాకులు, గ్రద్దలు సాయంత్రం వరకైనా బ్రతుకనీయవు. పుట్టినవాటిని బాగుగా చూచుట ఒక బాధ్యత. అవసరానికి మించి పుట్టించకుండుట మరొక బాధ్యత. బడ్జరిగార్ ఒక విడతకు నాలుగు నుండి ఆరు గ్రుడ్లు పెట్టి, సుమారు 18 రోజులలో పిల్లలను లేపుతుంది. పంజరంలో కుండ కట్టినంతనే గ్రుడ్లకు సిద్ధపడుతుంది. పిల్లలను ఎవరికి ఇవ్వవలెనో తెలియనివారు ఆ కుండను కట్టకుండుట మేలు. ఇక అడవి నుండి తెచ్చిన రామచిలుక ఇప్పటికే ఇంట ఉన్నవారు, భయపడి రాత్రివేళ డాబా మీద వదిలివేయక, అటవీశాఖవారికి అప్పగించుట ఉత్తమం. ఏళ్లకొలది రెక్క ఆడని పక్షికి ఎగురుట కూడా మరల నేర్పవలసి ఉంటుంది.

కళాశాల కార్యవర్గానికి మా విన్నపం. ఆవరణలో పంజరం పెట్టదలచితే మూడు షరతులు ముందుగా నిర్ణయించవలెను. ఎవరు బహూకరించినా రామచిలుకను స్వీకరించరాదు. దాత అభిమానం చట్టం ముందు సాక్ష్యంగా నిలువదు, బాధ్యత సంస్థ నెత్తిన పడుతుంది. పెట్టినది అలంకారపు చిన్న పంజరం గాక, నీడలో, మనిషి నిలబడి లోపలకు పోగలిగినంత గది కావలెను. అందులో బడ్జరిగార్లు మాత్రమే ఉండవలెను. అన్నింటికంటె ముఖ్యం, వేసవి సెలవులలో, పండుగ సెలవులలో, పరీక్షల దినాలలో మేత నీరు ఎవరు పెట్టవలెనో పేరుతో సహా వ్రాసి ఉంచవలెను. ప్రారంభోత్సవం నాడు ఫోటోలో నిలుచుటకు ఇరువది మంది దొరుకుతారు. మే నెల మధ్యాహ్నం నీటి గిన్నె నింపుటకు ఒక్కరు దొరకవలెను. ఆ ఒక్కరు ఎవరో చెప్పలేనపుడు పంజరం ప్రతిపాదనను విరమించుటయే విజ్ఞత.

విరమించినంత మాత్రాన విద్యార్థులు చిలుకలకు దూరం కానవసరం లేదు. ఎల్.బి.నగర్ దాటగానే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు నిజాముల వేటస్థలంగా ఉన్న ఆ నేల 1975లో సంరక్షిత వనమైనది. వేటగాని నేల శరణాలయమైనప్పుడు మన ఆవరణ మూల ఒకటి చిలుకలకు విడిదిగా మారలేదా? ప్రహరీ వెంబడి నాలుగు జామచెట్లు, రెండు వేపచెట్లు నాటి, మేడమీద మట్టి మూకుడులో రోజూ నీరు పోస్తే, నగరంలో నేటికీ మిగిలిన రామచిలుకలు వాటంతట అవే వస్తవి. ఎండిన పాత చెట్టును తొర్ర ఉన్నంత వరకు నరకకుండా ఉంచితే అందులో గూడు కూడా పెట్టవచ్చు. జంతుశాస్త్ర విద్యార్థులు అవి ఏ మాసంలో వచ్చినవి, ఏ పండు తిన్నవి, ఎన్ని పిల్లలు లేచినవి అని నోటుపుస్తకంలో వ్రాసుకొంటే, పదేళ్లకు అది మన కళాశాలకే ఒక సంపద అవుతుంది. ఇందుకు మొక్కల వెల తప్ప వేరే ఖర్చు లేదు.

విద్యార్థి మిత్రులారా, ఏ చిలుకను పెంచుదాము అన్న ప్రశ్నకు మా సమాధానం ఇదే. ఇంట చోటు, చేతిలో సమయం, ముందు సంవత్సరాలు ఉన్నవారు ఒక జత బడ్జరిగార్లను తెచ్చి, అవి బ్రతికినంత కాలం బాగుగా చూచుకొనండి. లేనివారు ఒక జామమొక్క నాటండి. పక్షి మన మాట పలుకవలెనన్న కోరికను కొంచెం తగ్గించుకొని, దాని మాట వినుట నేర్చుకొనుట చదువుకొన్నవారికి తగిన పని.